జూలూ భూతకాలం నేర్చుకునేవారికి ఇసిజూలూ డాట్ నెట్ ఎంతవరకు పనికొస్తుంది?

ఇసిజూలూ డాట్ నెట్ దక్షిణాఫ్రికాలో మాట్లాడే జూలూ భాషకు ఉచితంగా వాడుకోగలిగిన జూలూ–ఇంగ్లిష్ ఆన్‌లైన్ నిఘంటువు. ధాతువుకు అర్థం చెప్పి ఊరుకునే రకం కాదు. ముందూ వెనకా ప్రత్యయాలు తగిలించుకున్న క్రియను ఉన్నదున్నట్టు టైపు చేస్తే, దాన్ని ముక్కలుగా విడదీసి ఏ ముక్క దేనికి వచ్చిందో చూపిస్తుంది. జూలూ భూతకాలం దగ్గర ఆగిపోయినవారికి ఈ ఒక్క సౌకర్యం ఎంతో విలువైనది. మా అభిప్రాయంలో కొత్తగా నేర్చుకునేవారు మొదటి రోజు నుంచే దీన్ని తెరిచి పెట్టుకోవాలి. కానీ ఇది చేతికొచ్చిన రూపాన్ని విప్పుతుంది తప్ప, ఎక్కడ ఏ రూపం వాడాలో చెప్పదు. నిఘంటువు పని పదంతో. జూలూ భూతకాలంలో చిక్కులన్నీ వాక్యంలో, ఉచ్చారణలో ఉంటాయి. కాబట్టి నిఘంటువుతో పాటు ఆ వ్యాకరణం గురించీ ఇక్కడ చెప్పక తప్పదు.

ముందు రాత సంగతి. జూలూను రోమన్ అక్షరాల్లో రాస్తారు, వెతకాల్సిందీ అలాగే. ఇక్కడ ఉదాహరణలన్నీ తెలుగు లిపిలో ఇచ్చాం. పదం మొదట ‘న్గి’, మధ్యలో ‘ంగి’ అని రాసింది ఒకటే ధ్వని. దీర్ఘం రాసినచోట మాటలో దీర్ఘం ఉంది, జూలూ రాతలో మాత్రం అది కనపడదు. తెలుగును రోమన్‌లో టైపు చేసేవారికి ‘ఆ’ కోసం అచ్చును రెండుసార్లు కొట్టే అలవాటు ఉంటుంది. ఇక్కడ అలా కొడితే పదం దొరకదు. చెవికి దీర్ఘం వినిపించినా అక్షరం ఒక్కసారే కొట్టాలి.

తెలుగులో ‘వెళ్లాను, వెళ్లాడు, వెళ్లారు’ అని కర్త గుర్తు క్రియ చివర వస్తుంది. జూలూలో ముందు వస్తుంది. ‘హంబ’ అంటే వెళ్లు, ‘న్గి’ అంటే నేను, ‘ఇలె’ దగ్గరి భూతకాలం (ఈమధ్య జరిగినవాటికి వాడేది) గుర్తు. మూడూ కలిపితే ‘న్గిహంబిలె’, వెళ్లాను. కర్త మారితే మొదటి ముక్క మారుతుంది: ఉహంబిలె (నువ్వు, లేదా అతను, ఆమె), సిహంబిలె (మేము, మనం రెండూ ఇదే), నిహంబిలె (మీరు), బహంబిలె (వాళ్లు). జూలూ నామవాచకాలు మొదటి ముక్కను బట్టి వర్గాలుగా ఉంటాయి. మనుషులు కాని కర్తలకు ఆ నామవాచకం ఏ వర్గానిదో చూసి ముక్క పెట్టాలి. రైలు ‘ఇసితిమెల’, కాబట్టి వచ్చింది అనడానికి ‘సిఫికిలె’. రైళ్లు ‘ఇజితిమెల’, కాబట్టి ‘జిఫికిలె’. కారు ‘ఇమొతొ’, కాబట్టి ‘ఇఫికిలె’. నిఘంటువు నామవాచకం పక్కన వర్గం సంఖ్య కూడా ఇస్తుంది. క్రియ కట్టే ముందు ఆ సంఖ్య చూసే అలవాటు చేసుకుంటే సగం తప్పులు మొదట్లోనే పోతాయి.

అసలు కష్టం తర్వాత మొదలవుతుంది. దగ్గరి భూతకాలానికి రెండు రూపాలున్నాయి. క్రియతో మాట ముగిస్తే నిండు రూపం: ‘న్గిథెంగిలె’, కొన్నాను. క్రియను ఆనుకుని ఇంకో మాట వస్తే పొట్టి రూపం: ‘న్గిథెంగె ఇసిన్క్వ’, రొట్టె కొన్నాను. ‘న్గిహంబె ఇజొలొ’, నిన్న వెళ్లాను. ప్రశ్నపదం వచ్చినా ఇంతే: ‘ఉహంబె నిని?’, ఎప్పుడు వెళ్లావు? ఇంగ్లిష్‌లోకి మార్చి చూస్తే రెండింటికీ తేడా ఏమీ మిగలదు. అందుకే ఇంగ్లిష్ అర్థాలిచ్చే నిఘంటువులో ఎంత వెతికినా ఈ నియమం పట్టుబడదు. ‘న్గిథెంగిలె ఇసిన్క్వ’ అని రాసి ఒక్కో పదాన్నీ సరిచూసుకుంటే రెండూ సరైన పదాలే. తప్పు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టడంలో ఉంది.

దీనికో మెలిక ఉంది. క్రియ లోపల కర్మ గుర్తు పెడితే నిండు రూపం మళ్లీ వస్తుంది. ‘న్గిసిథెంగిలె’ అంటే దాన్ని కొన్నాను. మధ్యలోని ‘సి’ రొట్టెకు గుర్తు. ఆ తర్వాత ‘ఇసిన్క్వ’ అని చేర్చినా నిండు రూపం చెదరదు. తెలుగులో ‘కొన్నాను, ఆ రొట్టెని’ అని మాట పూర్తయ్యాక చివర తగిలిస్తామే, అలాంటి వాక్యం ఇది. చదివేటప్పుడు నిండు రూపం వెనక నామవాచకం కనిపిస్తే కంగారుపడి అచ్చుతప్పు అనుకోకండి. ఆ క్రియను నిఘంటువులో వేయండి. మధ్యలో కర్మ గుర్తు విడిగా బయటపడుతుంది.

పొట్టి రూపంతో ఇంకో గందరగోళం. ‘వెళ్లాలి’ వంటి మాటల్లో వచ్చే రూపం కూడా రాతలో ఇదే. ‘కుఫనెలె న్గిహంబె’ అంటే నేను వెళ్లాలి, ‘న్గిహంబె ఇజొలొ’ అంటే నిన్న వెళ్లాను. మాట్లాడేటప్పుడు చివరి అచ్చు పలికే స్వరం (గొంతు హెచ్చుతగ్గు) వేరు, రాసేటప్పుడు తేడా లేదు. అక్షరాలను బట్టి విడదీసే ఏ సాధనమైనా ఇక్కడ ఒకటికి మించిన దారులు చూపించక తప్పదు. ఏది సరైనదో తేల్చుకోవడానికి మంచి ఉపాయం ఉంది: కర్తను ‘అతను’కి మార్చండి. వెళ్లాలి అనే అర్థమైతే ‘కుఫనెలె అహంబె’ అవుతుంది, మొదట ‘అ’ వస్తుంది. భూతకాలమైతే ‘ఉహంబె ఇజొలొ’, ‘ఉ’ మారదు. మీ వాక్యంలో ఏది ఇముడుతుందో చూస్తే చాలు.

వ్యతిరేకార్థం తెలుగువారిని ఎక్కువగా ఇబ్బందిపెట్టే చోటు. మనకు ‘రాలేదు’ అన్న ఒక్క మాట నేను, నువ్వు, వాళ్లు అందరికీ సరిపోతుంది. జూలూలో కర్త గుర్తు ఉండి తీరాలి. దాని ముందు ‘అ’, క్రియ చివర ‘అంగ’ వస్తాయి. అంగిఫికంగ (నేను రాలేదు), అవుఫికంగ (నువ్వు), అకఫికంగ (అతను, ఆమె), అసిఫికంగ (మేము), అనిఫికంగ (మీరు), అబఫికంగ (వాళ్లు). ఇందులో ఓ మేలు ఉంది. ‘ఉఫికిలె’లో నువ్వా, అతనా అన్నది రాతలో తేలదు. వ్యతిరేకార్థంలో ‘అవు’, ‘అక’ అని విడిపోతాయి. మరో మంచి విషయం, ‘అంగ’ వెనక మాట వచ్చినా రాకపోయినా మారదు, నిండు–పొట్టి బెడద లేదు.

‘ఇంకా రాలేదు’ అన్నది మాత్రం జూలూలో విడిగా నేర్చుకోవాలి. అది ‘అంగికఫికి’. కర్త గుర్తు తర్వాత ‘క’, చివర ‘ఇ’. తెలుగులో ‘ఇంకా’ చేర్చి ఊరుకుంటాం కాబట్టి చాలామంది ‘అంగిఫికంగ’నే ఇక్కడా వాడేస్తారు. వినేవాళ్లకు అది ‘రాలేదు, అంతే’ అన్నట్టు వినిపిస్తుంది. ‘అతను ఇంకా రాలేదు’ అనాలంటే ‘అకకఫికి’. రెండు ‘క’లు చూసి అచ్చుతప్పు అనుకోవద్దు. మొదటిది కర్తది, రెండోది ‘ఇంకా’ది. ఇలాంటి పదాలు విప్పడంలో ఈ నిఘంటువు ఉపయోగం బాగా తెలుస్తుంది.

ఇక నిఘంటువులోని ఇంగ్లిష్ మనకు అడ్డుపడే చోటు. ‘న్గిఖథెలె’ అన్న పదానికి ఇంగ్లిష్‌లో వర్తమానంలో అర్థం ఇస్తారు. క్రియ చూస్తే భూతకాలం, అర్థం చూస్తే వర్తమానం. ఇంగ్లిష్ మీదుగా వచ్చినవారు ఇక్కడ తికమకపడతారు. మనకు ఆ అవసరమే లేదు. ‘అలసిపోయాను’ అంటాం. రూపం భూతకాలం, చెప్పేది ఇప్పటి స్థితి. ‘ఉలెలె’ అంటే పడుకున్నాడు. ‘ఉహ్లెజి’ అంటే కూర్చున్నాడు. ‘ఉమి’ అంటే నించున్నాడు. తెలుగు ఈ మూడింటిలోనూ జూలూ దారిలోనే నడుస్తుంది. ‘న్గిలంబిలె’ వంటి చోట్ల మనం ‘ఆకలేస్తోంది’ అని వేరేగా అంటాం, అలాంటివి గుర్తుపెట్టుకోవాలి. అందుకే మా గట్టి సలహా: నిఘంటువు ఇచ్చిన ఇంగ్లిష్ అర్థాన్ని నోట్సులోకి ఎక్కించకండి, పక్కన తెలుగు అర్థం మీరే రాసుకోండి. ఇంకో జాగ్రత్త, స్థితిని కాదనేటప్పుడు ‘అంగ’ రాదు. ఆకలిగా లేదు అనడానికి ‘అంగిలంబిలె’ అనే అనాలి, ‘ఇలె’ అలాగే ఉంటుంది.

పై ఉదాహరణల్లో ‘ఇలె’ కనపడని రూపాలు కొన్ని వచ్చాయి. ‘లల’కు ‘లెలె’, ‘ఖథల’కు ‘ఖథెలె’, ‘బులల’ (చంపు)కు ‘బులెలె’. ‘అల’తో ముగిసే కొన్ని క్రియలు లోపలి అచ్చును మార్చుకుంటాయి. అన్నీ కాదు. ‘వల’ (మూయి) మామూలుగానే ‘వలిలె’, ‘ద్లల’ (ఆడు) ‘ద్లలిలె’. నియమం కట్టి ఊహించబోతే తప్పులే వస్తాయి. ‘అల’తో ముగిసే ప్రతి క్రియకూ భూతకాల రూపం విడిగా చూసుకుని ధాతువు పక్కనే రాసుకోవాలి. ‘హ్లల’ (కూర్చో) ‘హ్లెజి’గా, ‘మ’ (నిలబడు) ‘మి’గా, ‘థి’ (అను) ‘థె’గా మారడం కంఠస్థం చేయాల్సినవే. ఇవి పట్టుమని పది కూడా కావు, కానీ ప్రతి సంభాషణలోనూ ఎదురవుతాయి.

ఇప్పుడు దూరపు భూతకాలం. ఏళ్ల కిందట, నెలల కిందట జరిగినవాటికీ, కథలకూ ఇదే. క్రియ చివర ‘అ’ మారదు. మార్పంతా ముందు, కర్త గుర్తులో ‘ఆ’ కలవడంలో ఉంది. న్గాహంబ (నేను), వాహంబ (నువ్వు, అతను, ఆమె), సాహంబ (మేము), నాహంబ (మీరు), బాహంబ (వాళ్లు). రైలు సాఫిక, రైళ్లు జాఫిక, కారు యాఫిక, సూర్యుడు అస్తమించాడు అనడానికి ‘ఇలంగ లాషొన’. పుట్టుక గురించి చెప్పేటప్పుడు దాదాపు ఎప్పుడూ ఇదే: ‘న్గాజలెల్వ ఎథెక్విని’, నేను డర్బన్‌లో పుట్టాను. దగ్గర, దూరం అనేవాటి మధ్య ఇన్ని రోజులు అని గీత లేదు. నిన్నటికి ‘న్గిహంబె’, చిన్నప్పటికి ‘న్గాహంబ’ అన్నది ఖాయం. పోయిన వారం, పోయిన నెల దగ్గర మాట్లాడేవారు ఆ విషయాన్ని ఇప్పటికి ఎంత దగ్గరగా చూస్తున్నారన్నదే తేలుస్తుంది. కొత్తవాళ్లు నిన్న, మొన్న, ఈ వారం వరకు దగ్గరిది, ఆపైన దూరపుది అని పెట్టుకుంటే పెద్దగా తప్పు పోరు.

రాత ఇక్కడ మళ్లీ మోసం చేస్తుంది. ‘బహంబ ఎకుసెని’ అంటే వాళ్లు పొద్దున వెళ్తారు. ‘బాహంబ’ అంటే వాళ్లు ఎప్పుడో వెళ్లారు. జూలూ రాతలో రెండూ ఒకే అక్షరాలు. తేడా దీర్ఘంలో, స్వరంలో ఉంది. అచ్చుతో మొదలయ్యే ధాతువుల్లో ఇది ఇంకా ఎక్కువ. ‘ఎంజ’ (చెయ్యి)కు ‘న్గెంజ’, ‘న్గేంజ’ రెండూ రాతలో ఒకటే. ‘జ’ (రా) అన్న చిన్న ధాతువు మరీ కష్టపెడుతుంది. ‘వచ్చాడు’ అనడానికి దూరపు రూపం ‘వేజ’. అందులో ‘ఆ’ జాడే కనపడదు, లోపలి ‘ఇ’తో కలిసి ‘ఏ’ అయింది. ఇలాంటివి నిఘంటువులో వేసి చూడటం తప్ప ఊహించలేం. అయితే తెలుగు లిపిలో హ్రస్వదీర్ఘాలు విడివిడిగా ఉన్నాయి. నోట్సులో జూలూ పదం పక్కన తెలుగులో ‘బహంబ’, ‘బాహంబ’ అని రాసుకున్నవారికి, రోమన్ రాత దాచేసిన తేడా ఎప్పుడూ కళ్ల ముందు ఉంటుంది. ఇది మనకున్న నిజమైన లాభం, వదులుకోవద్దు.

కథలు చదవడం మొదలుపెట్టాక ఇంకో సందేహం వస్తుంది. ఈ పొద్దున జరిగిన సంగతి చెబుతూ ‘న్గివుకె ఎకుసెని, న్గగెజ, న్గహంబ’ అంటారు: పొద్దున లేచాను, స్నానం చేశాను, వెళ్లాను. మొదటి క్రియ దగ్గరి భూతకాలం, తర్వాతివి దూరపు భూతకాలంలా కనిపిస్తాయి. నిజానికి అవి ‘ఆ తర్వాత’ అని వరస కలిపే రూపాలు. రాత ఒకటే, మాటలో ఇక్కడి ‘న్గ’ పొట్టిగా ఉంటుంది. తెలుగులో ‘లేచి, స్నానం చేసి, వెళ్లాను’ అని ముందువాటిని అసమాపకం చేసి చివరిదానికి కాలం ఇస్తాం. జూలూలో మొదటిది కాలాన్ని నిలబెడుతుంది, తర్వాతివి దాని వెనక నడుస్తాయి. పదాన్ని విడిగా వెతికితే నిఘంటువు దాన్ని దూరపు భూతకాలం అన్నా నమ్మి ఊరుకోకండి, వాక్యంలో మొదటి క్రియ ఏదో చూడండి.

‘చేస్తూ ఉన్నాను’, ‘చేసేవాణ్ణి’ అనే రూపాలు రెండో విడతలో నేర్చుకోవచ్చు. దగ్గరిది ‘బె’తో మొదలవుతుంది: బెంగిసెబెంజ (ఇందాకో నిన్నో పనిచేస్తూ ఉన్నాను), బెసిసెబెంజ (మేము), బెబెసెబెంజ (వాళ్లు). నువ్వు అంటే ‘ఉబుసెబెంజ’, అతను అంటే ‘ఉబెసెబెంజ’, ఒక్క అచ్చే తేడా. దూరపుది న్గాంగిసెబెంజ, వావుసెబెంజ, వాయెసెబెంజ, సాసిసెబెంజ, బాబెసెబెంజ. కర్త గుర్తు రెండుసార్లు వస్తుంది, ముందు కాలంతో కలిసి, తర్వాత విడిగా. ‘ఉన్నాను’కూ ఇదే చట్రం: ‘బెంగిసెఖయ’, (ఇందాకో నిన్నో) ఇంట్లో ఉన్నాను. వాతావరణానికి ‘బెకుబంద’, చలిగా ఉండింది.

నిఘంటువును సాధనకు వాడే పద్ధతి. పది ధాతువులు ఎంచుకోండి. వాటిలో కనీసం రెండు ‘అల’ క్రియలు, ఒకటి అచ్చుతో మొదలయ్యేది ఉండాలి. ఒక్కోదానికి నాలుగు రూపాలు చేత్తో రాయండి: నిండు, పొట్టి (పక్కన ఒక మాటతో), వ్యతిరేకం, దూరం. రాశాకే నిఘంటువులో వేయాలి, ముందు కాదు. ముందే చూస్తే కళ్లు ఒప్పుకుంటాయి, చేయి నేర్చుకోదు. విడదీసిన ముక్కలు మీరు అనుకున్నవే అయితే సరి. వేరే ముక్కలు వస్తే మీ రూపం ఇంకో అర్థంలోకి పోయిందన్నమాట. ఆ నలభై రూపాలూ తడుముకోకుండా వచ్చాక కర్త మార్చండి, ‘న్గి’ నుంచి ‘ఉ’కు, ‘బ’కు, తర్వాత ‘సి’, ‘జి’ వర్గాల నామవాచకాలకు. ఆరంభంలో ఒక్క ‘నేను’తోనే ఆగిపోవడం వల్ల చాలామందికి ‘రైలు వచ్చింది’ అనడం కూడా రాదు.

ఈ నిఘంటువుకు తోడుగా ఇంగ్లిష్ విక్షనరీ వాడటం మంచిది. అక్కడ జూలూ ధాతువుల మీద స్వరం గుర్తులు పెడతారు, చాలా క్రియల కింద వర్గాలవారీ రూపాల పట్టిక ఉంటుంది. పట్టిక పెద్దది, మొదటిసారి చూస్తే బెదరగొడుతుంది. నేర్చుకోవడానికి కాకుండా సరిచూసుకోవడానికి వాడితే చక్కగా ఉపయోగపడుతుంది. డుయోలింగోలోనూ ఇంగ్లిష్ తెలిసినవారి కోసం జూలూ కోర్సు ఉంది. నోరు తిరగడానికి అలాంటివి మేలు, నియమం అర్థం కావడానికి చాలవు. దీర్ఘాలూ స్వరాలూ పట్టుబడాలంటే వినాల్సిందే. దక్షిణాఫ్రికా ప్రభుత్వ ప్రసార సంస్థ వారి జూలూ రేడియో ఉఖోజి ఎఫ్‌ఎం వార్తలు అందుకు మంచివి. వార్తల్లో క్రియలు ఎక్కువగా భూతకాలంలో, ‘చేయబడింది’ రూపాల్లో వస్తాయి. ‘ఇసితొలొ సివలివె’ (దుకాణం మూసేశారు) వంటి వాక్యాల్లో ‘ఇలె’ స్థానంలో ‘ఇవె’ వినపడుతుంది. చదవడానికి 2002లో డర్బన్‌లో మొదలైన ఇసొలెజ్వె దినపత్రిక ఉంది. రోజుకు ఒక చిన్న వార్త, అందులో క్రియలు మాత్రమే, చాలు.

టైపు చేసిన రూపం నిఘంటువులో దొరక్కపోతే కారణం చాలాసార్లు వీటిలో ఒకటే. అచ్చు రెండుసార్లు కొట్టి ఉంటారు. ‘థ’, ‘ఖ’ వంటి ఒత్తు ధ్వనుల్లో రోమన్ ‘హెచ్’ వదిలేసి ఉంటారు. అచ్చుతో మొదలయ్యే ధాతువు ముందు కర్త గుర్తులోని అచ్చును తీయకుండా ఉంచేసి ఉంటారు: ‘న్గిఎంజిలె’ కాదు, ‘న్గెంజిలె’. వ్యతిరేకంలో అతనికి ‘అక’ బదులు ‘అఉ’ పెట్టి ఉంటారు. లేదా ‘అల’ క్రియకు అలవాటుగా ‘ఇలె’ తగిలించి ఉంటారు. ఇవన్నీ సరిచూసినా దొరక్కపోతే ధాతువును ఒక్కదాన్నే వేసి, అక్కడి నుంచి ఒక్కో ముక్క చేర్చుకుంటూ మళ్లీ వెతకండి. ఏ ముక్క చేర్చినప్పుడు దొరకడం ఆగిపోయిందో, తప్పు అక్కడే ఉంటుంది.